పెన్సిలు సాక్ష్యం

కాశీబుగ్గ బస్టాండు పక్కన గవరయ్య బడ్డీ.
రోజుకి రెండు రూపాయల అద్దెకి
ఒక శవం, ఏడుగురు అనుమానితులు.

"బల్లారాధనకి తెల్లకోక కట్టుకెల్లేదానివి,
నీకీ సావుల పుస్తకాలేటి దెబోరమ్మా?"
చిల్లర లెక్కపెడుతూ నవ్వేస్తాను.

ఏం చెప్పను?
ఈ పుస్తకాల్లో నెత్తురు పెద్దగా ఉండదు.
తివాచీ మీద నాలుగు చుక్కలు.
ఆ నాలుగు చుక్కలూ ఊరుకోవు, అదీ సంగతి.
మా జీడి ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి గున్నయ్య పోతే
ఒక కవరు, ఒక సంతకం, సోమవారం మళ్లీ పని.
పుస్తకంలో అలా కుదరదు.
ఎవరికీ అక్కర్లేని ముసలాయన పోయినా సరే
ఎవరో ఒకరొచ్చి, తడి గొడుగు మూలన పెట్టి,
"ఆ రాత్రి మీరెక్కడున్నారు?" అంటారు.
మొట్టమొదటి పొలంలో ఒక అన్నని
తమ్ముడి గురించి అడిగిన ప్రశ్నకి
ఇది మునిమనవరాలు.
అడిగినవాడికి జవాబు తెలుసు.
నేల నోరు తెరిచి తాగింది గానీ
దాచుకోలేకపోయింది.

ఆ వారం తెచ్చిన నవల్లో
పన్నెండో పేజీ అంచున
ఎవడో పుణ్యాత్ముడు రాసిపెట్టాడు:
చంపింది కాంపౌండరు.

తిరిగిచ్చేయొచ్చు. ఇవ్వలేదు.
చివర తెలిసిన కథని మళ్లీ మళ్లీ చదవడం
మాకు ప్రతి ఆదివారం ఉన్నదే.

నూట నలభై పేజీలు కాంపౌండరు వెంటపడ్డాను.
దగ్గితే కపటం.
ఏడిస్తే నటన.
పిల్లికి పాలు పోస్తే, అందులో ఏం కలిపాడో.

తీరా చంపింది
ఊరంతటికీ ఉసిరి పచ్చడి పంచే పెద్దకోడలు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
మా చర్చిలోనూ ఉన్నాడొక కాంపౌండరు:
గంట కొట్టే యోనా, చాపలు పరిచే యోనా.
కోతపండగ వేలంలో
గుమ్మడికాయలూ పనసకాయలూ ఒక నాటుపుంజూ పాడితే
వచ్చిన డబ్బులో పదకొండు వందలు లేవు.
ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.
నేనే, కుళాయి దగ్గర, బిందె ఎత్తుకుంటూ,
"తాళం ఎవులికాడుంటాదో?" అన్నాను.
అంతే అన్నాను.
నెల తిరక్కుండా యోనా వెనక వరసకి జరిగాడు,
తర్వాత బల్ల రోజున గంట కొట్టి బయటే నిలబడ్డాడు.

తెల్లారి స్త్రీల సమాజం బీరువా తెరిచాను.
పాత హాజరుపట్టీ మధ్య రబ్బరుబ్యాండేసిన కవరు,
కవరు మీద నల్లటి వేలిముద్ర.
జీడిరసం. సబ్బుకి పోదు, బూడిదకి పోదు.
పిక్కలు కొట్టే ఆడవాళ్లం అందరం అవే వేళ్లవాళ్లం.
బొటనవేలి మీద అడ్డంగా కత్తిగాటున్నది మాత్రం
ఒక్కదాన్నే.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
అందర్నీ ఒక గదిలోకి పిలిచి నిజం చెప్పే ఘట్టం.
గదిలో నేను తప్ప ఎవరూ లేరు.
ఎవరూ లేరనుకుంటే ఎంత బాగుండేది.

ఆదివారం లేచి నిలబడి చెప్పాను.
ఫ్యాను చప్పుడు. ఎవరో పసిబిడ్డ ఏడుపు.
యోనా వెనక నుంచి, "ఓలమ్మ, దొరికీసినాయా!
పోన్లే, వర్షాలకి ముందే రేకులేయించొచ్చు," అన్నాడు.
అతనికి రేకుల బెంగ.
ఆ పూట లోపలికొచ్చాడు.
పళ్లెం అతని చేతిలోంచే నాకొచ్చింది.
రొట్టెముక్క పట్టుకుని తిప్పి తిప్పి చూశాను.
ఇన్ని నల్ల వేళ్లు తగిలినా
ఒక్క ముద్రా పడలేదు.

ఇంటికొచ్చి మనవడి రబ్బరుతో
పన్నెండో పేజీ తుడిచాను.
అక్షరాలు పోయాయి, నొక్కిన గాడి పోలేదు.

గవరయ్య ఆ పేజీ వెలుతురుకి పెట్టి చూసి
పుస్తకం పాడు చేశానని
ఇంకో రెండు రూపాయలు పట్టుకున్నాడు.
ఇచ్చాను.
"కొత్తదొచ్చింది, ఇందులో శవం పడవలో," అన్నాడు.
అదీ ఇమ్మన్నాను.